కాలి ఉబ్బు నరాలు: మేజోళ్లా, లేజరా, కోతా... ఏది మేలు?

పిక్కల మీద నరాలు (అసలు ఇవి రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే సిరలు, డాక్టర్లు వేరికోస్ వెయిన్స్ అంటారు) మెలికలు తిరిగి పైకి తేలాయంటే మన డెల్టాలో మొదట వినబడే ప్రశ్న: "లేజరు మంచిదాండి, ఆపరేషను మంచిదాండి?" భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఇదే వరస. దీనికి జవాబుంది, చెబుతాను. అంతకంటే ముందు తేలాల్సింది, లీకవుతున్న సిర ఏది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది. అది తెలియకుండా ఏ వైద్యం ఎంచుకున్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కాళ్లలోని రక్తం గుండె దాకా ఎక్కాలి. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి సిరలను నొక్కుతుంది, రక్తం పైకి పోతుంది. పోయింది మళ్లీ కిందికి జారకుండా సిరల లోపల చిన్న కవాటాలు మూసుకుంటాయి. సముద్రపు పోటు నీరు చేలల్లోకి ఎగదన్నకుండా మురుగు కాలువ చివర తూముకు పెట్టే తలుపుల పనే వాటిదీ. ఆ తలుపు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో అంతర్వేది వైపు రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. కాలిలోనైతే రక్తం కిందికి తన్ని, చర్మం కింది సిర సాగి మెలికలు పడుతుంది. ఎక్కువగా చెడేది చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా సాగే పెద్ద సఫీనస్ సిర. కొందరికి పిక్క వెనక ఉండే చిన్న సఫీనస్ చెడుతుంది. వంశంలో ఉండటం, కాన్పులు, వయసు, బరువు కారణాలు. వాటికి తోడు కదలకుండా నిలబడే పని. పెనం ముందు తెల్లారగట్ల నుంచి నిలబడే దోసె మాస్టరు, బట్టల కొట్టులో కూర్చోనివ్వని అమ్మాయి, రొయ్యల షెడ్డులో బల్ల ముందు తలలు వలిచే ఆడవాళ్లు, వీళ్ల కాళ్లు చూస్తే తెలుస్తుంది. నడిస్తే మంచిదే, నిలబడిపోతేనే చేటు.

అందుకే డాప్లర్ స్కానింగ్, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్ స్కాన్. పడుకోబెట్టి గబగబా ముగించేస్తే చాలదు. మనిషిని నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం ఎంతసేపు వెనక్కి జారుతోందో చూడాలి. సఫీనస్‌లో అర సెకను దాటితే లీకున్నట్టు లెక్క. లోతు సిరల్లో రక్తపు గడ్డ ఉందా లేదా అన్నదీ అందులోనే తేలుతుంది. లోపలి దారి మూసుకుపోయిన కాలికి పైసిరను కూడా మూసేస్తే ఉన్న దారీ పోతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు బోదకాలు. గోదావరి జిల్లాలకు ఫైలేరియా కొత్త కాదు కాబట్టి, కాలు వాచిందనగానే ఇంట్లోనే పేరు పెట్టేసి ఊరుకునేవాళ్లున్నారు. వేరికోస్ వాపు మొదట్లో సాయంత్రానికి పెరిగి, కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది. ముదిరిన బోదకాలు అలా తగ్గదు, పాదం పైభాగమూ వేళ్లూ కూడా వాస్తాయి. రెండూ ఒకే కాలికి ఉండొచ్చు, కాబట్టి కంటిచూపుతో తేల్చేయొద్దు.

ముందు మేజోళ్ల సంగతి. బిగుతు మేజోళ్లు వాపునూ గుంజునూ తగ్గిస్తాయి, చెడిన కవాటాన్ని మాత్రం బాగుచేయవు. విప్పిన రోజు నుంచి కథ మామూలే. పైగా జూలై ఉక్కలో తొడుక్కోవడమే ఒక పని. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకమైతే ఒక కిటుకుంది: పాదానికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీదుగా మేజోడు మడమ దాటించి, తర్వాత వేళ్ల వైపు నుంచి సంచి లాగేయాలి. పొద్దున్నే మంచం దిగకముందే, కాలు వాచకముందే తొడగాలి. చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఆరు నెలలు తిరిగేసరికి సాగిపోతాయి, అప్పుడు తొడిగినా తొడగనట్టే. షుగరు ఉన్నవాళ్లు, చుట్టలు, సిగరెట్లు కాల్చేవాళ్లు కొనేముందు కాలి ధమనులు పరీక్ష చేయించుకోవాలి. ధమని ఇరుకైన కాలిని బిగిస్తే పుండు పడుతుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చూసే నైస్ సంస్థ 2013లోనే చెప్పింది: సిరను మూసే వైద్యానికి వీలున్నవాళ్లకు మేజోళ్లే వైద్యమని ఇవ్వొద్దని. నా లెక్కలో మేజోళ్లు గర్భిణులకు, వేరే వైద్యానికి శరీరం సహకరించనివాళ్లకు, వంతు కోసం చూస్తున్నవాళ్లకు. గర్భిణులైతే కాన్పయ్యేదాకా ఆగాల్సిందే, ఆ తర్వాత కొంత దానంతటదే తగ్గుతుంది కూడా. నూనె మర్దనాల గురించి ఒక్క మాట: హాయిగా ఉంటుంది, కవాటం బాగుపడదు.

లేజరు, రేడియో ఫ్రీక్వెన్సీ, ఈ రెండూ అన్నదమ్ములు. సిరలోకి సన్నటి తీగ పంపి, చుట్టూ మత్తు నీళ్లు ఎక్కించి, లోపలి నుంచి వేడితో సిరను మూసేస్తారు. రేడియో ఫ్రీక్వెన్సీలో ఎక్కువగా వాడే తీగ 120 డిగ్రీల దాకా వేడెక్కి, ఒక్కో 7 సెంటీమీటర్ల ముక్కను 20 సెకన్లలో మూస్తుంది. వెన్నుకు మత్తు అవసరం పడదు, కోత ఉండదు, ఆ రోజే నడుస్తారు. మూసిన సిర రక్తం ఎటు పోతుందని చాలామందికి భయం. కాలి రక్తంలో ఎక్కువ భాగం ఎటూ లోతు సిరల్లోనే పైకి పోతుంది, కాబట్టి ఇబ్బంది లేదు. కమిలి నల్లబడటం, కొన్నాళ్లు తీగలా లాగడం మామూలు. మోకాలి కింద స్పర్శ తెలిపే నరం (నర్వ్) సిరకు దగ్గరగా ఉంటుంది గనుక అక్కడ తిమ్మిరి మిగలొచ్చు. గడ్డకట్టడం అరుదు, కానీ లేదనలేం. నైస్ మొదటి వరసలో పెట్టింది ఈ వేడి వైద్యాన్నే. రెండింటిలో ఏది అంటే, డాక్టరు చేయి తిరిగిన దాన్ని ఎంచుకోండి. తీగ ఒక్కసారి వాడి పారేయాల్సింది. కొత్తది తెరిచారా అని అడగడానికి మొహమాటపడొద్దు.

పాత పద్ధతి కోత. గజ్జ దగ్గర సిరను కట్టేసి, కిందికి లాగి తీసేస్తారు. గజ్జ దగ్గర కట్టడం 1890ల నాటి ట్రెండెలెన్‌బర్గ్ పేరుతోనే నేటికీ సాగుతోంది. వెన్నుకు మత్తు, ఒకటి రెండు రోజుల మకాం, కోలుకోవడం కాస్త ఆలస్యం. అయినా దీన్ని చిన్నచూపు చూడొద్దు. బ్రిటన్‌లో దాదాపు 800 మంది మీద చేసిన పరిశీలనలో, 2019లో వెలువడిన అయిదేళ్ల ఫలితాల్లో లేజరుతో పాటు కోత కూడా నురుగు ఇంజక్షన్ కంటే మెరుగైన జీవన నాణ్యత ఇచ్చింది. బాగా ఉబ్బి వంకర్లు తిరిగి, తీగ పోనివ్వని సిరకు ఇదీ ఒక దారి. చేతిలో డబ్బు లేనప్పుడు కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లి కోత చేయించుకోవడం, అప్పు చేసి లేజరుకు పోవడం కంటే నాకు నయంగానే కనబడుతుంది. ప్రభుత్వ పథకం కింద ఏ పద్ధతి వస్తుందో ముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఒక్క సంగతి: లీకు లేని మంచి సిరను తీయించుకోవద్దు, రేపు గుండె బైపాస్‌కు అదే పనికొస్తుంది.

నురుగు ఇంజక్షన్ అంటే పోలిడోకనాల్ లాంటి మందును గాలితో చిలికి, స్కాన్‌లో చూస్తూ సిరలోకి ఎక్కించడం. చవక, తేలిక, మళ్లీ మళ్లీ చేయించుకోవచ్చు. మళ్లీ చేయించుకోవాల్సి రావడమే దీని లోపం కూడా. గోధుమరంగు మచ్చలు కొన్ని నెలలు ఉండిపోవచ్చు. పెద్ద సిరకు నేను దీన్ని ముందు పెట్టను. మిగిలిపోయిన చిన్న సిరలకు, ముసలివాళ్లకు బాగుంటుంది. సిరలోకి జిగురు ఎక్కించి అతికించి మూసే పద్ధతి ఇంకొకటుంది, అందులో మత్తు నీళ్లూ అక్కర్లేదు, తర్వాత మేజోళ్లూ చాలావరకు అక్కర్లేదు. మన ఎండల్లో అది చిన్న సుఖం కాదు. అయితే ఖరీదు ఎక్కువ, జిగురు ఒంట్లోనే ఉంటుంది, కొందరికి ఎర్రబడి దద్దుర్లు వస్తాయి.

సన్నటి ఊదా గీతలు మాత్రమే ఉండి నొప్పి, వాపు లేకపోతే తొందర లేదు, అది అందం సంగతి. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి గట్టిపడుతుంటే ఆగొద్దు. అక్కడే పుండు పడుతుంది, బురదలో దిగే కాలికి అది ఒక పట్టాన మానదు. 2018లో వెలువడిన బ్రిటన్ పరిశీలనలో, పుండు ఉన్నవాళ్లకు కట్లతో పాటు లీకు సిరను వెంటనే మూస్తే మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, ఆలస్యం చేస్తే 82. ఏడాదుల తరబడి పుండుకు పూతమందు మార్చుకుంటూ తిరిగేవాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

ఉబ్బిన సిర గీసుకుని రక్తం చిమ్మితే కంగారుపడి పైన తాడు కట్టొద్దు. వెల్లకిలా పడుకుని కాలు ఎత్తి, శుభ్రమైన గుడ్డతో అక్కడే గట్టిగా నొక్కితే ఆగుతుంది, ఆ తర్వాత ఆసుపత్రికి. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పుడితే అది వేరే సంగతి, లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించాలి.

తొందరలేని కేసైతే పనిని కార్తీకం దాటాక పెట్టుకోండి. లేజరు తర్వాత డాక్టర్లు కొన్నాళ్లు మేజోళ్లు తొడగమంటే, ఆ చలిలో భరించగలరు. మే నెలలో అయితే రెండో రోజే విప్పేస్తారు. మళ్లీ సార్వా నాట్లకు చాలా ముందే కాలు కుదురుకుంటుంది. సంక్రాంతికి ఊరొచ్చే పిల్లలు తోడుంటారు కదా అని సరిగ్గా పండగ వారంలో మాత్రం పెట్టుకోకండి. వచ్చేపోయేవాళ్ల మధ్య వంటింట్లో రోజంతా నిలబడటం తప్పదు, ఆ వారం కాలికి కావాల్సింది నడక.