స్క్రీన్ ఆరినా పిలిస్తే పలికే ఫోన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ ఒక్క సదుపాయం కోసమే ఫోన్ మార్చొచ్చు అంటాను. చేతులకి పసుపో పిండో అంటుకుని ఉండగా, స్క్రీన్ ఆరిపోయి బల్ల మీద పడున్న ఫోన్ ‘ఓకే గూగుల్’ అనగానే పలకడం నాలుగేళ్లయినా ముచ్చటగానే ఉంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో కిరాణా కొట్టు నడిపేవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

అన్ని ఫోన్లూ ఇలా పలకవు. 2013లో వచ్చిన మోటో ఎక్స్‌లో పిలుపు వినడానికే విడిగా చిన్న చిప్ పెట్టారు. తర్వాత స్నాప్‌డ్రాగన్ 800 అనే ఫోన్ ప్రాసెసర్ నుంచి, అందులోనే శబ్దాల్లాంటి సంకేతాల పని చూసే డీఎస్పీ అనే చిన్న భాగానికే ఆ పని అప్పగించారు. అది అతి తక్కువ కరెంటుతో కాచుకుని ఉండి, పిలుపు వినపడిందనుకున్నప్పుడే పెద్ద ప్రాసెసర్‌ని లేపుతుంది. ఐఫోన్ 6 దాకా, ఐఫోన్‌ని పిలిచే ‘హే సిరి’ చార్జర్‌కి పెట్టి ఉంచితేనే పలికేది. 2015లో 6ఎస్ వచ్చాక ఆ కట్టుబాటు పోయింది. ఈ ఏర్పాటు లేని చవక ఫోన్లకి స్క్రీన్ వెలుగుతున్నంతసేపే చెవులుంటాయి.

మూడో ఏట తేడా వచ్చింది. దగ్గరగా పిలిస్తే పలికేది, పదడుగుల అవతల నుంచి పలికేది కాదు. కాల్స్ శుభ్రంగా వెళ్తున్నాయి కాబట్టి మైకు మీద అనుమానం రాలేదు. మన గొంతుని గుర్తుపట్టే వాయిస్ మ్యాచ్ చెరిపేసి మళ్లీ గొంతు నేర్పినా అంతే. ఒక రిపేరు షాపులో బోర్డు మార్చాలన్నారు. తీరా చూస్తే అడుగున మైకు రంధ్రంలో పిండి గట్టిపడి ఉంది. కాల్‌లో నోరు దగ్గరే ఉంటుంది కాబట్టి సగం మూసుకున్న మైకు కూడా సరిపోతుంది. దూరపు పిలుపుకి సరిపోదు. ఫోన్ బల్ల మీద పెట్టి, పదడుగుల నుంచి మాట్లాడి రికార్డు చేసి వింటే సంగతి తేలిపోతుంది. రంధ్రం కిందకి ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో దులపాలి. నోటితో ఊదితే తడి చేరుతుంది. సూది గానీ సిమ్ పిన్ను గానీ దూర్చొద్దు, లోపలి జాలీ చిరిగితే మైకు మార్చాల్సిందే.

బ్యాటరీ తినదని మొదట్లో అందరికీ చెప్పాను. తినదు, నిజమే. కానీ బ్యాటరీ సేవర్ ఆన్ అయితే పిలుపు వినడమే మానేస్తుంది. దాన్ని చార్జి 20 శాతానికి పడిపోగానే తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లకి సాయంత్రానికి ఫోన్ చెవిటిదే. పేర్ల దగ్గరా ఇబ్బందే. పిలిస్తే పలికే గూగుల్ అసిస్టెంట్‌ని తెలుగులో పెట్టుకుంటే, ఒడియా లిపిలో సేవ్ చేసిన కాంటాక్టుని పట్టుకోలేదు. అవే పేర్లు తెలుగులో పొట్టిగా రాసుకున్నాక కుదిరింది.

కొట్లోనో వంటింట్లోనో ఉండేవాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను, తీసుకోండి. రోజంతా మహేంద్రగిరి ఘాట్‌లో, నెట్ సరిగా అందని కొండదారుల్లో తిరిగేవాళ్లకి మాత్రం అంత గట్టిగా చెప్పలేను. పిలుపు వినడానికి నెట్ అక్కర్లేదు, అడిగినదానికి జవాబు చెప్పడానికి చాలాసార్లు కావాలి.