లైట్‌వెయిట్ చార్ట్స్: నాలుగేళ్లు వాడాక నా మాట

లైట్‌వెయిట్ చార్ట్స్ అనేది వెబ్ పేజీల్లో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే మన కోడ్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్. దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క ఎర్రర్ మెసేజ్ వల్ల వచ్చింది. సైజు చిన్నది, ఫోన్‌లో చకచకా కదులుతుంది, ట్రేడింగ్‌వ్యూ వాళ్లది, ఉచితం, ఇవన్నీ చాలామంది రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. షేర్ల ధరల కోసం చేసిన దీన్ని నేను నీళ్ల కోసం వాడుతున్నా.

మా పొలం సాగర్ ఎడమ కాల్వ కింద, మిర్యాలగూడ వైపు. జూన్ వచ్చిందంటే మా నాన్న రోజూ ఫోన్ చేసి "సాగర్ ఎంతుందిరా?" అని అడిగేవారు. 590 అడుగులకు ఇంకా ఎంత తక్కువుంది, పోయినేడు ఇదే రోజున ఎంతుంది, ఈ రెండూ ఆయనకు కావాలి, నారు పోయాలా వద్దా అనేది దాన్నిబట్టే. అందుకే 2021లో, 2005 నుంచి ఉన్న రోజువారీ నీటి మట్టాలతో ఆయన ఫోన్‌కి ఒక పేజీ చేసిచ్చాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

2023 జూన్‌లో మామయ్య డైరీలు దొరికాయి. ఆయన కాల్వ మీద పనిచేసే రోజుల్లో ప్రతిరోజూ సాగర్ మట్టం రాసుకునేవారు, 1999 జనవరి 1 నుంచి 2004 చివరి దాకా ఒక్క రోజు వదల్లేదు. కృష్ణకు నీళ్లు రాని 2002, 2003 కరువు కూడా అందులో ఉంది, నాన్న ఎప్పుడూ చెప్పే ఏళ్లవి, వాటిని గీతగా చూపించాలని నాకు చాలా ఆశ. వారం పాటు రాత్రిళ్లు కూర్చుని అన్నీ టైప్ చేసి, పాత డేటాకి కలిపి పేజీ తెరిస్తే చార్ట్ ఖాళీ. కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) ఎర్రటి అక్షరాలు: "డేటా మస్ట్ బి ఆస్క్ ఆర్డర్డ్ బై టైమ్, ఇండెక్స్=7934, టైమ్=915148800, ప్రీవ్ టైమ్=1685491200".

అంటే తేదీలు ఆరోహణ క్రమంలో, పాతది ముందు కొత్తది తర్వాత, లేవని. కానీ నేను సార్ట్ చేసే (వరసగా పేర్చే) పంపుతున్నాను కదా! డైరీలో తేదీలు రోజు-నెల-ఏడాది పద్ధతిలో ఉంటాయి, జావాస్క్రిప్ట్‌కి అలాగే ఇస్తే 03-04ని మార్చి 4 అనుకుంటుంది, అక్కడే ఎక్కడో తప్పు టైప్ చేశానని డైరీలు మళ్లీ తిరగేశాను. అర్ధరాత్రి దాకా అదే పని. టెన్షన్ ఎందుకంటే తెల్లారి నాన్నకి చూపిస్తానని ముందే చెప్పాను.

ఆ మెసేజ్‌లో టైమ్ అంటే 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. చివరికి ఆ అంకెల్ని తేదీలుగా మార్చి చూశా, మొదట్లోనే చెయ్యాల్సిన పని అది. 915148800 అంటే 1999 జనవరి 1. దాని ముందున్న 1685491200 ఏమో 2023 మే 31. అంటే కొత్త డేటా అంతా అయిపోయాక పాతది మొదలవుతోంది. సరే, మరి వరసలో మొట్టమొదటిది ఏది అని చూస్తే 1000080000, అంటే 2001 సెప్టెంబరు 10. మామయ్య డైరీలో ఆ రోజుకి ఏ ప్రత్యేకతా లేదు. దాని ముందు రోజు సంఖ్య చూశాక గుండె తేలికైంది: 999993600. తొమ్మిది అంకెలు!

జావాస్క్రిప్ట్‌లో సార్ట్‌కి ఎలా పోల్చాలో చెప్పకపోతే అది సంఖ్యల్ని కూడా మాటల్లాగే, మొదటి అక్షరాన్ని బట్టి పేరుస్తుంది. 9తో మొదలయ్యేది 1తో మొదలయ్యే దాని తర్వాతే వస్తుంది. 1970 నుంచి లెక్కపెట్టే సెకన్లు వంద కోట్లు దాటింది 2001 సెప్టెంబరు 9న, అందుకే అంతకు ముందున్న 983 రోజులూ వెళ్లి చివర్లో కూర్చున్నాయి. 2005 తర్వాతి సంఖ్యలన్నీ పది అంకెలవే కాబట్టి రెండేళ్లు ఆ తప్పు బయటపడలేదు. పోల్చే చోట ఎ మైనస్ బి అని, అంటే సంఖ్యలుగానే పోల్చమని పెట్టాను, చార్ట్ వచ్చేసింది.

ఇంతకు ముందు వాడిన ఇంకో లైబ్రరీ (పేరు వద్దు) ఇలాంటి డేటా ఇస్తే ఏమీ అనకుండా గీతని ముందుకీ వెనక్కీ గీసేసేది, ఆ పిచ్చి గీతే నిజమని నేను నమ్మిన రోజులున్నాయి. ఇది ఆగి, ఎన్నో వరుసలో ఏ రెండు తేదీలు ఎదురెదురు పడ్డాయో చెప్పింది. మనం వేలు పెట్టిన చోటి విలువని అది వరసని సగం సగం చేసుకుంటూ వెతుకుతుంది కాబట్టి క్రమం తప్పితే దానికి పని జరగదు. తనే సార్ట్ చేసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు గానీ, అలా చేసి ఉంటే నా కోడ్‌లోని ఆ తప్పు నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి చెప్పాలి. ఆ తనిఖీ డెవలప్‌మెంట్ బిల్డ్‌లో (కోడ్ రాసేటప్పుడు వాడే రూపం) మాత్రమే ఉంటుంది, ప్రొడక్షన్ బిల్డ్‌లో (వాడేవాళ్లకి ఇచ్చే రూపం) వేగం కోసం తీసేశారు. ఆ సంగతి నేను చూసుకోలేదు. పోయినేడు రోజూ మట్టం తెచ్చే నా స్క్రిప్ట్, సవరించిన ఒక పాత తేదీని తెచ్చి ఫైలు చివర చేర్చింది. నాన్న ఫోన్‌లో చార్ట్ పాడైంది, కన్సోల్‌లో ఉన్నది "వేల్యూ ఈజ్ నల్" అనే మాట ఒక్కటే, దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. నాటు వేసే రోజుల్లో ఆయన రెండు రోజులు చార్ట్ లేకుండా గడిపారు, అది నాకు ఇప్పటికీ బాధే. అప్పటినుంచి డేటా పంపే ముందు నేనే ఒక చిన్న లూప్ తిప్పుతున్నా: ప్రతి తేదీ దాని ముందు తేదీ కన్నా ఖచ్చితంగా పెద్దదా? సమానమైనా కుదరదు, ఒకే రోజు రెండుసార్లు వస్తే చివరిది ఉంచి మొదటిది తీసేస్తా.

నా అవసరం చిన్నది, రోజుకి ఒక్క అంకె, ఒక్క గీత, చూసేది మా ఇంటివాళ్లే. అంతవరకు దీన్ని మార్చే ఆలోచన లేదు. గుండ్రంగా ముక్కలు చేసి చూపే పై (pie) చార్టులు కావాలంటే ఇది పనికిరాదు. డేటా నాలుగు చోట్ల నుంచి వచ్చి పడే పెద్ద పని అయితే, ఆ తనిఖీ మీ వైపు ముందే రాసుకోగలిగితేనే చూడండి. మామయ్యది 1998 డైరీ కూడా దొరికింది, ఈ సంక్రాంతి సెలవుల్లో టైప్ చేస్తా.