ఫుట్‌బాల్ పండితులతో పదహారేళ్ళు

శనివారం రాత్రి పదిన్నర దాటితే మా ఇంట్లో రిమోట్ నాది. 2009లో ఇంగ్లండ్ వచ్చినప్పటి నుంచి ఇదే వరస. శనివారం బీబీసీలో హైలైట్స్ షో 'మ్యాచ్ ఆఫ్ ద డే', ఆది, సోమవారాల్లో స్కైలో లైవ్ మ్యాచ్‌లు, రెండేళ్ళకోసారి వరల్డ్ కప్పో యూరో కప్పో వస్తే ఐటీవీ కూడా. ఇక్కడ టీవీ చూడాలంటే కట్టాల్సిన లైసెన్స్ 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. స్పోర్ట్స్ ప్యాక్ దాని మీద అదనం. కట్టేదంతా ఆట కోసమే. కానీ పెద్ద మ్యాచ్ ఉన్న ఆదివారం ముందు కబుర్లు, మధ్య కబుర్లు, వెనక కబుర్లు కలిపితే దాదాపు ఇంకో మ్యాచ్ అవుతుంది. నేను రాస్తున్నది ఆ రెండో మ్యాచ్ గురించి.

ఇక్కడ ఈ విశ్లేషకుల్ని పండిట్‌లు అంటారు. మన 'పండితుడు' మాటే ఓడెక్కి ఇటు వచ్చి పండిట్ అయింది. వచ్చేటప్పుడు పాండిత్యాన్ని కొంత రేవులోనే దించేసినట్టుంది.

గోల్ పడుతుంది. రిప్లే వేస్తారు. 'భలే కొట్టాడు, కీపర్‌కి అవకాశమే లేదు' అంటాడు మాజీ స్ట్రైకర్. నేనూ అదే చూశాను కదా! పక్కనున్న మాజీ డిఫెండర్ 'డిఫెండింగ్ బాగాలేదు' అంటాడు. ఎక్కడ బాగాలేదు, ఎవరు ఎక్కడ ఉండాలి, ఆ ముక్క రాదు. రిఫరీ పెనాల్టీ ఇస్తే 'ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, ఇచ్చాడు కాబట్టి సరే'. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఓడిన జట్టుకి 'కసి లేదు', గెలిచిన జట్టుకి 'కసి ఉంది'. ఈ ఊకదంపుడు వినడానికి పదిహేను నిమిషాల హాఫ్ టైమ్‌లో ప్రకటనలు పోగా మిగిలే నాలుగైదు నిమిషాలు కూర్చోవాలా అనిపించి, చాలా ఏళ్ళు ఆ టైమ్‌లో గిన్నెలు కడిగేశాను. మా ఆవిడ మాత్రం ఆ పండితుల్ని చాలా మెచ్చుకునేది.

అలా అని అందరినీ ఒక గాటన కట్టను. నా అభిప్రాయం మారింది సోమవారం రాత్రుల వల్ల. స్కైలో గ్యారీ నెవిల్ 2011లో చేరాడు, 2013లో జేమీ క్యారఘర్ వచ్చాడు. ఒకడు మాంచెస్టర్ యునైటెడ్, ఒకడు లివర్‌పూల్, ఆడే రోజుల్లో ఉప్పూ నిప్పూ. పెద్ద టచ్ స్క్రీన్ ముందు నిలబెట్టి, చేతికి కావలసినంత టైమ్ ఇచ్చారు. ఆ 'కావలసినంత టైమ్' దగ్గరే ఉంది కిటుకు. గోల్ చూపించడం వాళ్ళకి ఆఖరి పని. వీడియోని గోల్ నుంచి పది సెకన్లు వెనక్కి తీసుకెళ్ళి ఆపుతారు. బంతి అవతలి వైపు ఉంటుంది. ఇవతలి ఫుల్ బ్యాక్, అంటే అంచున కాపు కాసే డిఫెండర్, కాళ్ళ కింద ఒక గుండ్రటి గీత. 'ఇతని భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి' అంటారు. అతను బంతినే చూస్తున్నాడు, వీపు వెనక అవతలి జట్టు వింగర్, అంటే అంచు నుంచి దాడి చేసేవాడు, ఉన్నాడు. ఒక సెకను ముందుకి జరుపుతారు. వింగర్ రెండడుగులు వేశాడు, ఫుల్ బ్యాక్ ఇంకా కదల్లేదు. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఖాళీని రంగు వేసి చూపిస్తారు. ఆ తర్వాత గోల్ ముందుకి క్రాస్, తలతో ఒక పోటు, గోల్. తప్పు గోల్ దగ్గర జరగలేదు, భుజం తిరగాల్సిన క్షణంలో జరిగింది. ఇలాంటివి ఓ రెండు సీజన్లు చూశాక లైవ్ మ్యాచ్‌లో నా కళ్ళు బంతిని వదిలేసి పక్కకి వెళ్ళడం మొదలైంది. నా డబ్బుకి దొరికిన అసలు సరుకు అది.

నెవిల్ కథలో ఇంకో మలుపుంది. 2015 డిసెంబర్‌లో వాలెన్సియా కోచ్‌గా స్పెయిన్ వెళ్ళాడు. 28 మ్యాచ్‌ల్లో 10 గెలిచాడు, బార్సిలోనా చేతిలో 7-0తో ఓడాడు, 2016 మార్చి చివర్లో ఉద్యోగం పోయింది. స్క్రీన్ మీద బాణం గీయడం వేరు, ఆ బాణం ప్రకారం పదకొండు మందిని పరిగెత్తించడం వేరు. తిరిగొచ్చాక కోచ్‌ల గురించి మాట్లాడేటప్పుడు అతని గొంతులో ముందున్న తేలికతనం తగ్గిందని నాకనిపించింది. దెబ్బ తిన్న పండితుడి మాటకి విలువ పెరిగిందనే అంటాను.

జోస్యాలు తప్పడాన్ని నేను లోపంగా లెక్కపెట్టను. 1995 ఆగస్టులో ఆస్టన్ విల్లా చేతిలో యునైటెడ్ 3-1తో ఓడినప్పుడు 'పిల్లలతో ఏమీ గెలవలేరు' అన్నాడు బీబీసీ పండితుడు అలన్ హాన్సెన్. ఆ పిల్లలే ఆ సీజన్‌లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ పట్టుకెళ్ళారు. నేను ఈ దేశం రాకముందు సంగతి, అయినా ఆ క్లిప్ నాకు కంఠతా వచ్చేసింది. నా కళ్ళముందు జరిగింది 2019 మార్చిది. చాంపియన్స్ లీగ్‌లో పారిస్ జట్టు మీద వాళ్ళ ఊళ్ళోనే యునైటెడ్ ఆఖరి నిమిషాల పెనాల్టీతో 3-1 గెలిచి ముందుకెళ్ళింది. స్టూడియోలో యునైటెడ్ మాజీ ఆటగాడు రియో ఫెర్డినాండ్ ఊగిపోతూ, కాంట్రాక్ట్ తెచ్చి టేబుల్ మీద పెట్టండి, తాత్కాలిక కోచ్ ఓలే సోల్‌షేర్ తనకిష్టమొచ్చిన అంకె రాసుకోనివ్వండి అన్నాడు. ఆ నెలాఖరుకి సోల్‌షేర్‌కి నిజంగానే పర్మనెంట్ కాంట్రాక్ట్ వచ్చింది. 2021 నవంబర్‌లో తీసేశారు. ఆ రాత్రి నేనైనా అదే అనేవాణ్ణి. మనసులో ఉన్నది ఉన్నట్టు అని తప్పినవాడు, ఏమీ అనకుండా ఎప్పుడూ ఒప్పే అయ్యేవాడికంటే మేలు.

నవ్వించిన వాళ్ళకి వేరే లెక్క. ఈ దేశంలో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా లైవ్ మ్యాచ్‌లు టీవీలో వేయకూడదు, జనం గ్రౌండ్లకి రావడం మానేస్తారని. ఆ గ్యాప్‌లోంచి పుట్టిన షో 'సాకర్ సాటర్డే'. స్టూడియోలో కొందరు మాజీ ఆటగాళ్ళు తమ ముందున్న స్క్రీన్లలో మ్యాచ్‌లు చూస్తుంటారు, మనం వాళ్ళ మొహాలు చూస్తుంటాం. పెళ్ళి లోపల, మనం కిటికీ బయట. చెబితే ఎవరూ నమ్మరు గానీ ఇది బ్రహ్మాండంగా ఉంటుంది, లేదా యాంకర్ జెఫ్ స్టెల్లింగ్ ఉన్నంతకాలం ఉండేది. 2010 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ గ్రౌండ్‌లో ఉన్న రిపోర్టర్ క్రిస్ కమారాని జెఫ్ అడిగాడు, అక్కడ రెడ్ కార్డ్ అట, ఎవరికి క్రిస్ అని. కమారా గ్రౌండ్ వైపు తిరిగి చూసి, 'నాకు తెలీదు జెఫ్, ఇచ్చారా?' అన్నాడు. తర్వాత, ఒకడు బయటికెళ్ళడం చూశాను గానీ సబ్‌స్టిట్యూట్ వస్తున్నాడేమో అనుకున్నానన్నాడు. జెఫ్ అతన్ని నవ్వుతూ కాపాడాడు. ఆ ఒక్క నిమిషంలో యాంకర్ అంటే ఏంటో తెలిసింది నాకు.

ఎందుకంటే పదహారేళ్ళ తర్వాత నేను తేల్చుకున్నది ఇదే: ఒక షో బాగుందా లేదా అన్నది పండితుడి కంటే యాంకర్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 'డిఫెండింగ్ బాగాలేదు' అన్నవాడిని 'అంటే ఎవరు ఎక్కడ ఉండాలి?' అని అడగాల్సింది యాంకరే. ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. మొదటి ప్రశ్న అడిగేసి, చెవిలో ప్రొడ్యూసర్ ఏదో చెబుతుంటే తల ఊపేసి ప్రకటనలకి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మార్క్ చాప్‌మన్ రెండో ప్రశ్న అడుగుతాడు, అందుకే నాకు ఇష్టం. గ్యారీ లినేకర్ 1999 నుంచి 2025 మే దాకా 'మ్యాచ్ ఆఫ్ ద డే' యాంకర్ కుర్చీలో కూర్చున్నాడు. ఏడాదికి 13.5 లక్షల పౌండ్లట, బీబీసీలో అందరికంటే ఎక్కువ. ఎక్కువే, కాదనను. 1986 వరల్డ్ కప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు, తెలిసీ తెలియనట్టు అడిగి అవతలివాడి చేత చెప్పించేవాడు. అది పుట్టుకతో వచ్చిన విద్య కాదు, నేర్చుకున్న విద్య.

పండితుల విషయంలో నేను చూసిన అన్నిటికంటే మంచి నెల 2021 యూరో కప్. అప్పటికి చెల్సీ మహిళల జట్టు కోచ్‌గా ఉన్న ఎమ్మా హేస్ ఐటీవీలో మాట్లాడింది. జరిగిపోయింది చెప్పేవాళ్ళ మధ్య, జరగబోయేది చెప్పే మనిషి. రోజూ జట్టుని నడిపే వాళ్ళకీ, పదేళ్ళ కిందట ఆడి మానేసిన వాళ్ళకీ తేడా తెలిసిపోయింది. ఆడవాళ్ళకి ఫుట్‌బాల్ ఏం తెలుసు అని గొణిగే మా ఆఫీసులో ఒకాయన కూడా ఆ నెల గొణగలేదు.

ఇక 2023 మార్చి 11. ప్రభుత్వ శరణార్థి విధానం మీద లినేకర్ చేసిన ట్వీట్‌కి బీబీసీ అతన్ని పక్కన పెట్టింది. తోటి పండితులు ఇయాన్ రైట్, అలన్ షియరర్ మేమూ రామన్నారు, కామెంటేటర్లూ తప్పుకున్నారు. ఆ రాత్రి షో వచ్చింది గానీ టైటిల్ మ్యూజిక్ లేదు, యాంకర్ లేడు, పండితులు లేరు, కామెంటరీ లేదు. జనం అరుపులు, బంతి చప్పుడు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నాలాంటి వాడికి పండగే అనుకుని కూర్చున్నాను. అంతకుముందు వారం కంటే దాదాపు 5 లక్షల మంది ఎక్కువ చూశారని తర్వాత తెలిసింది, అంటే నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట.

మొదటి ఐదు నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత బోర్న్‌మత్ మ్యాచ్ వచ్చింది. ఆరు రోజుల కిందటే మాంచెస్టర్ యునైటెడ్‌ని 7-0తో చితక్కొట్టిన లివర్‌పూల్, పట్టిక అడుగున కొట్టుకుంటున్న బోర్న్‌మత్ చేతిలో 1-0తో ఓడింది. సలా పెనాల్టీ బయటికి కొట్టాడు. మ్యాచ్ అయిపోగానే తర్వాతి మ్యాచ్ వేసేశారు.

"ఏడు గోల్స్ కొట్టినవాళ్ళు ఎలా ఓడిపోయారు నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. వాడికప్పుడు పదకొండేళ్ళు.

టీవీ వైపు చూశాను. అది జనం అరుపులు వినిపిస్తోంది. "ఇవాళ వాళ్ళలో కసి లేదురా" అన్నాను.

"కసి అంటే?"

రెండో ప్రశ్న. నా దగ్గర ప్రకటనలు కూడా లేవు.

ఈ రెండు మూడేళ్ళలో కొత్త జబ్బు ఒకటి మొదలైంది. పండితులంతా పాడ్‌కాస్టుల్లోకి వెళ్ళారు. అక్కడ గంటసేపు తీరిగ్గా మాట్లాడి అలవాటైనవాళ్ళు, టీవీలో మాత్రం ఫోన్ క్లిప్‌కి సరిపోయే ముప్పై సెకన్ల గొడవ పెట్టుకుంటున్నారు. ఒకడు మొహం ముడుచుకుంటాడు, ఇంకొకడు పగలబడి నవ్వుతాడు, మూడోవాడు టేబుల్ చరుస్తాడు. మైకా రిచర్డ్స్ నవ్వు నాకూ ఇష్టమే. కానీ ఆ నవ్వు ముందు జరిగిన ఆఫ్‌సైడ్ ట్రాప్ గురించి ఎవరూ చెప్పకుండానే మ్యాచ్ అయిపోతోంది.

లినేకర్ వెళ్ళాక 'మ్యాచ్ ఆఫ్ ద డే'ని చాప్‌మన్, కెల్లీ కేట్స్, గ్యాబీ లోగన్ పంచుకుంటున్నారు. ముగ్గురిలో ఎవరూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు కారు, కెల్లీ లివర్‌పూల్ దిగ్గజం కెన్నీ డాల్‌గ్లిష్ కూతురు అయినా సరే. నాకది నచ్చింది. ఆడనివాళ్ళకి అడగడానికి మొహమాటం ఉండదు.

మొన్న జులైలో ప్యాక్ రెన్యువల్‌కి ఫోన్ వచ్చినప్పుడు, తీసేద్దామా అంది మా ఆవిడ. సోమవారం రాత్రి టచ్ స్క్రీన్ కోసం ఉంచేద్దాం అన్నాడు మా అబ్బాయి. ఉంచాం. ఆదివారం హాఫ్ టైమ్ గిన్నెలు మాత్రం ఇప్పటికీ నావే.