టోక్యోలో పాత ఫ్లాట్: 1981కి ముందుదా, తర్వాతదా?

పెట్టుబడికి టోక్యోలో పాత ఫ్లాట్ కొనేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ 1981 జూన్ 1. భూకంప నిబంధనలు ఆ రోజు నుంచే కఠినమయ్యాయి. లెక్కలోకి వచ్చేది నిర్మాణ అనుమతి తేదీ. 1982లో పూర్తయినా, అనుమతి ముందే తీసుకుని ఉంటే అది పాత ప్రమాణాల భవనమే కావచ్చు.

అంతకుముందువి చవక కాబట్టి కాగితం మీద అద్దె రాబడి బాగా కనిపిస్తుంది. కానీ బ్యాంకు లోన్ దొరకడం కష్టం, రేపు మన దగ్గర కొనేవాళ్లకీ అదే టెన్షన్. పడగొట్టి మళ్లీ కట్టాలంటే ఓనర్లలో భారీ మెజారిటీ ఒప్పుకోవాలి.

తర్వాతవాటికి ధర ఎక్కువ, అమ్మడం తేలిక. నేనైతే వీటికే ఓటేస్తాను. ఏది కొన్నా మరమ్మతుల నిధిలో ఎంతుందో చూడకుండా సంతకం పెట్టకండి. నిధి చాలకపోతే నెలవారీ వాటా పెంచుతారు, ఫ్లాట్ ఖాళీగా ఉన్నా అది కట్టాల్సిందే.