దిష్టి తీయాలా, తాయత్తు కట్టించాలా?

పొద్దు గూకేసరికి పసిపిల్ల ఒకటే ఏడుపు, పాలు పట్టదు. ఇంట్లో ఒకరు ఉప్పు తిప్పెయ్యమంటారు, ఇంకొకరు తాయత్తు కట్టించమంటారు.

ఖర్చు: దిష్టికి గుప్పెడు రాళ్ళ ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు, అన్నీ వంటింట్లోవే. తాయత్తు గొట్టం చవకే గానీ, మంత్రించినందుకు ఎంత అడుగుతారో ముందు తెలియదు.

శ్రమ: మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ నిప్పుల్లో వేస్తే దిష్టి అయిపోయింది. ఆ మాటలు ఎవరి దగ్గరా ఉపదేశం తీసుకున్నవి కావు, వాటిని అనేది అమ్మమ్మో నాయనమ్మో కాబట్టి బిడ్డ సంగతి ఎలా ఉన్నా తల్లికి టెన్షన్ సగం తగ్గుతుంది, నా దృష్టిలో దీని అసలు బలం అదే. తాయత్తులో మంత్రాన్ని రాగి రేకు మీద గీసి, చుట్టి, మూసేస్తారు. లోపల ఏముందో మనకు కనబడదు, ఆ గుట్టు మీదే నమ్మకం నిలబడుతుంది.

రిస్క్: మిరప ఘాటు పసిగుడ్డుకి పడదు, నిప్పులు ఇంటి బయటే పెట్టండి. తాయత్తు తాడు మెడకి అస్సలు వద్దు, నిద్రలో బిగుసుకుంటుంది. మంత్రాలు, తాయత్తులతో ఫలానా రోగాలు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది, అలా చెప్పుకునేవాళ్ళ గడప తొక్కకండి.

పెళ్ళికో ఫంక్షన్‌కో వెళ్ళొచ్చి చిరాకు పడే బిడ్డకి దిష్టి చాలు. పీడకలలతో జడుసుకునే పెద్ద పిల్లలకైతే గుడిలోనో దర్గాలోనో ఇచ్చే తాయత్తు, అదీ చేతికి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం ఉంటే రెండూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.