రెండో కాన్పు తర్వాత ఆపరేషనా, కాపర్‌టీనా?

ఒడిశా పర్లాకిమిడిలో మా వీధిలో నెలలు నిండుతున్న ప్రతి అమ్మాయీ నన్ను అడిగేది ఇదే. రెండో కాన్పులో నేను కాపర్‌టీ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం) వేయించుకున్న సంగతి ఊరంతా తెలిసిపోయింది మరి.

మాలో చాలామందికి పుట్టిల్లు బోర్డరు అవతల, ఆంధ్రాలో పాతపట్నం వైపు. పురుడు అక్కడే. రెండో బిడ్డ పుట్టగానే "ఎలాగూ మంచం మీదే ఉన్నావు, ఆ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా కానిచ్చేస్తే ఓ పనైపోతుంది" అంటారు. మా అమ్మా అంది. అందులో న్యాయం లేకపోలేదు. అత్తింటికి వచ్చాక బరువులెత్తకుండా వారం రోజులు కూర్చోబెట్టేదెవరు? పైగా ఒకసారి చేయించుకుంటే ఆ టెన్షన్ ఇక ఉండదు. ముప్ఫై దాటి, ఇక పిల్లలు వద్దని తనంతట తనే తేల్చుకున్న ఆడదానికైతే నేనూ ఆపరేషనే మేలంటాను.

నా పట్టింపల్లా వయసు దగ్గరే. అప్పటికి నాకు 25. ముట్టు ఆగిపోవడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. మా బంధువుల్లో ఒకామె 23కే ఆపరేషన్ చేయించుకుంది. తర్వాత జ్వరంతో బిడ్డ పోయాడు. ఆపరేషన్‌లో మూసేసిన గర్భనాళాలు (ట్యూబులు) మళ్లీ కలిపించుకుంది గానీ కడుపు నిలవలేదు. ఆ కలిపే ఆపరేషన్‌కి గ్యారంటీ లేదని ముందే చెప్పారట. పుట్టింట్లో ఉన్నాం కదా అని ఆ నాలుగు రోజుల వీలు చూసుకుని ఇంత పెద్ద నిర్ణయమా?

కాపర్‌టీ కాన్పైన 48 గంటల్లోపే వేస్తారు, కాబట్టి దీనికీ పుట్టింటి మంచమే చాలు. 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. వద్దనుకుంటే తీయించుకోవచ్చు, ఆ వెంటనే గర్భం రావచ్చు. అది గుండెకి ఎక్కుతుందని మా అత్తగారి భయం. గర్భసంచిలో ఉన్నది గుండెకి ఎలా వెళ్తుంది? అసలు ఇబ్బంది వేరు. మొదటి మూడు నాలుగు నెలలు నాకు ముట్టు ఎక్కువైంది, కడుపునొప్పి వచ్చింది. తర్వాత సర్దుకుంది. రక్తం బాగా తక్కువున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వేయించుకోవద్దు.

గర్భం రాకుండా వేసే అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోవచ్చు, కొందరికి అదే కావాలి. ముట్టు ఆగిపోవచ్చు, దానికి 'చెడు రక్తం లోపలే ఉండిపోయింది' అని కంగారు పడక్కర్లేదు. కానీ చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. గర్భం రాకుండా వేసుకునే ఛాయా మాత్రలు మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. మరిచిపోనివాళ్లకి బాగానే ఉంటాయి.

మగవాళ్ల ఆపరేషన్ ఆడవాళ్ల ఆపరేషన్‌కన్నా చిన్నది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లైన ఆడవాళ్లలో ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడ్డవాళ్లు 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 శాతం. మా ఆయనతో అంటే నవ్వి ఊరుకున్నారు.

నా కాపర్‌టీ కార్డు మీద తీయించాల్సిన తేదీ రాసి ఉంది. అప్పటికి నాకు 35 వస్తాయి. ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దామని అమ్మకి చెప్పాను.