వార్తలకి ఏది మేలు: ఆకాశవాణా, పార్టీ ఛానెళ్లా, బీబీసీనా?

చెన్నైలో కాపురముండే తెలుగువాళ్లకి మీడియా పక్షపాతం గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతిలో రిమోట్ ఉంటే చాలు. సన్ టీవీ కరుణానిధి మేనల్లుడి కొడుకుది. 2007లో ఆ రెండిళ్ల మధ్య పొరపొచ్చాలొచ్చాయి, ఆ ఏడాదే కలైజ్ఞర్ టీవీ వెలిసింది. తగువొస్తే వేరు కుంపటి పెట్టుకోవడం మనకి తెలుసు గాని, వేరు ఛానెల్ పెట్టుకోవడం ఈ ఊళ్లోనే చూశాం. జయ టీవీ ఎవరి కోసం పుట్టిందో పేరే చెబుతుంది. మక్కళ్ టీవీ పీఎంకే అనే తమిళ పార్టీది. తెలుగు వైపు తిప్పితే సాక్షి జగన్ కుటుంబానిది. మిగతావి ఎవరి కొమ్ము కాస్తాయో ఇంట్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

వీటి మధ్య దూరదర్శన్, ఆకాశవాణి. చట్టం ప్రకారం వాటికి ఏ పార్టీతోనూ సంబంధం లేదు. జనం నోట మాత్రం అది "సర్కారు డప్పు". మరి వార్తల కోసం ఎవర్ని నమ్ముకోవాలి?

ఒకే వార్తని నాలుగు చోట్ల చూస్తే తేడా తెలుస్తుంది. 2024 జూలై 23 కేంద్ర బడ్జెట్టే తీసుకోండి. అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామని నిర్మలా సీతారామన్ అన్నారు. తెలుగులో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలమైన ఛానెళ్లలో పండగే పండగ. అవతలి వాటిలో "అది గ్రాంటా, అప్పా?" అని నిలదీత. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే ఆ డబ్బు అంతర్జాతీయ రుణ సంస్థల ద్వారా వస్తుందని ప్రసంగంలోనే ఉంది. తమిళ ఛానెళ్లకి వెళ్తే అసలు తమిళనాడు పేరే ఎత్తలేదని మంట. స్టాలిన్ నీతి ఆయోగ్ సమావేశాన్ని బహిష్కరించింది ఆ కోపంతోనే. (విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడార్ అన్నారుగా, మన ఊరి పేరైతే వచ్చింది కదా అని మా ఇంట్లో జోకు.) దూరదర్శన్ ధోరణి వేరు. బడ్జెట్‌లోని తొమ్మిది ప్రాధాన్యాలు వరసగా వస్తాయి, ఏ పథకానికి ఎంతో వస్తుంది, ప్రధాని స్పందన వస్తుంది. ప్రతిపక్షం మాట ఉంటే ఏ చివర్నో ఉంటుంది.

గమనిస్తే వీళ్లలో ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు. పార్టీ ఛానెల్ గొంతు పెంచుతుంది, సర్కారు ఛానెల్ వరస మారుస్తుంది. అరిచేవాడు ఎటువైపో ఇట్టే తెలుస్తుంది. నెమ్మదిగా చదివేవాడు ఏం వదిలేశాడో తెలియాలంటే ఆ సంగతి ముందే ఇంకోచోట విని ఉండాలి. దూరదర్శన్‌తో నాకున్న అసలు పేచీ ఇదే.

తుఫాను రోజుల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ చెన్నైని ముంచేసి, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇల్లు ఇక్కడ, అమ్మానాన్నలు అక్కడ ఉన్నవాళ్లకి రెండు రోజులూ టెన్షనే. ఆ వరదలో 4,000 కోట్ల వాననీటి కాలువలు ఏమయ్యాయన్న తగువు నడిచింది. అడగాల్సిందే, కానీ నీళ్లు గుమ్మం దాకా వచ్చిన పూట కాదు. అప్పుడు కావాల్సింది వాతావరణ శాఖ హెచ్చరికని ఉన్నదున్నట్టు చదివేవాడు. కరెంటు పోయాక బ్యాటరీ రేడియోలో ఆ పని చేసేది ఆకాశవాణే. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్నే తిరిగి వినిపించుకోవచ్చు. అంటే రేడియో వార్తల్లో దానికి పోటీయే లేదు. తుఫానుకి ఫరవాలేదు, ఎన్నికలకి మాత్రం ఇది మంచిది కాదు.

ఈ నింద ఇవాళ్టిది కాదు. ఎమర్జెన్సీలో ఆలిండియా రేడియోని ఆల్ ఇందిరా రేడియో అని వెక్కిరించారు. 1984లో ఇందిర మీద పొద్దున కాల్పులు జరిగితే, ఆమె చనిపోయారని ఆకాశవాణి సాయంత్రానికి గాని చెప్పలేదు. ఆలోపే బీబీసీ చెప్పేసింది. ఇక 2024లో డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారింది. అది నారింజ రంగని సంస్థ సమర్థించుకుంది. ఆ ఎన్నికల్లోనే పార్టీలకిచ్చే ఉచిత ప్రసంగ సమయంలో సీతారాం ఏచూరి చేత "మతతత్వ నిరంకుశ పాలన" లాంటి మాటలు తీయించారు. ఆయన ఈ చెన్నైలోనే పుట్టిన తెలుగాయన. అక్టోబరులో చెన్నై దూరదర్శన్ వేడుకలో, గవర్నర్ ఎదుట, తమిళనాడు రాష్ట్ర గీతం తమిళ్ తాయ్ వాళ్త్తు పాడుతూ "ద్రావిడ" మాట ఉన్న పాదం వదిలేశారు. కావాలని చేసింది కాదని సంస్థ క్షమాపణ చెప్పింది. నిజంగా పొరపాటే కావచ్చు. కానీ లోగో, ఏచూరి సంగతి అయ్యాక అలా చెబితే నమ్మేవాళ్లు ఎంతమంది?

బీబీసీ గురించి క్లుప్తంగా. దాన్ని ఎక్కువగా నడిపేది బ్రిటన్‌లో ఇళ్లవాళ్లు కట్టే లైసెన్సు రుసుము, 2025లో ఏడాదికి 174.50 పౌండ్లు. ఆ రుసుము ఎంతో తేల్చేది ప్రభుత్వమే, కాబట్టి ముడి పూర్తిగా తెగిందనలేం. ట్రంప్ ప్రసంగాన్ని తప్పుదోవ పట్టించేలా ఎడిట్ చేశారన్న గొడవలో 2025 నవంబరులో డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ రాజీనామా ప్రకటించారు. దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే మన ప్రసార భారతిలో ఇలాంటి కారణానికి కుర్చీ దిగిన పెద్దలెవరూ నాకు గుర్తు రావడం లేదు. 2017 నుంచి బీబీసీ తెలుగు కూడా ఉంది, బాగానే రాస్తారు. అయితే చెన్నై వేళచ్చేరిలో నీళ్లు ఎంత లోతున్నాయో తెలుసుకోవడానికి అది పనికిరాదు.

నా మటుకు నేను తుఫానుకి, పథకాల తేదీలకి, ప్రభుత్వ ఉత్తర్వులకి ఆకాశవాణినే వింటాను. రాజకీయానికైతే ఎదురెదురు పార్టీల ఛానెళ్లు రెండూ చూడాలి. ఒక్క పార్టీ ఛానెల్‌నే నమ్ముకోవడం కన్నా ఒక్క దూరదర్శన్ చూసి ఊరుకోవడం నయం, బీపీ అయినా పెరగదు. కానీ అదే మోతాదు పక్షపాతం ఇద్దరూ చూపిస్తే దూరదర్శన్ మీదే నాకు ఎక్కువ మండుతుంది, అది నా పన్నుతో నడుస్తోంది కాబట్టి. 1990 నాటి ప్రసార భారతి చట్టంలో జనం ఫిర్యాదులు వినడానికి ఒక ప్రసార మండలి ఉండాలని రాసుంది. అది కాగితం దాటి రాలేదు. దూరదర్శన్‌ని మూసేయమనేవాళ్లు ముందు ఆ మండలిని పెట్టమని అడగాలి.

రెండు పార్టీల ఛానెళ్లూ చూడమన్న సలహాకీ ఒక చిక్కుంది: రెండూ రావాలి కదా. 2014లో తెలంగాణ కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2024లో ఆంధ్రాలో ప్రభుత్వం మారగానే సాక్షి, ఎన్టీవీ లాంటివి చాలాచోట్ల కనపడకుండా పోయాయి. ఆ రోజుల్లో గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేసేవారు, "మీ డిష్‌లో వస్తోందటగా, ఏమంటున్నారో కాస్త చెప్పవయ్యా" అని.